గొంతు తీసేసిన వీడియో

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలి, పెన్షన్ రావాలి అంటారు. నాకు ఆ రెండూ లేవు. తిరువళ్ళూరులో ఒక బట్టల కంపెనీ ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసి మానేశాను, అంతే. ఈమధ్య మా వీధి అమ్మాయిలు ఒకరిద్దరు అలాంటి ఉద్యోగాల్లోనే చేరుతున్నారు. "ఊరికే వీడియోలు కత్తిరించే పని అక్కా, ఏసీలో కూర్చోవడమే" అని సంబరంగా చెబుతున్నారు. ఏసీ ఉంటుంది, నిజమే. దాని గురించి అబద్ధం చెప్పను. మిగతాది వాళ్ల కోసమే రాస్తున్నాను.

మా కంపెనీకి రెండు చోట్ల పని ఉండేది. తిరుత్తణి శివార్లలో పాత షెడ్డు. అందులో నూలుకు గంజి పట్టించే యంత్రం, గోడకు అవతల మరమగ్గాలు. తిరువళ్ళూరులో ఆఫీసు, దాని వెనక కొత్తగా పెట్టిన రెండో గంజి యంత్రం. పాత షెడ్డు వాళ్లకు పని చేతుల్లో ఉంది. కొత్త షెడ్డులో ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన వాళ్లు అది నేర్చుకోవాలి. రోజూ మనుషుల్ని రైలెక్కించి తిప్పలేరు కాబట్టి వీడియోలు మొదలుపెట్టారు. ఒక్కో పనికి ఒక చిన్న పాఠం. షిఫ్టు మొదలయ్యే ముందు టీవీలో వేస్తారు. ఈ షిఫ్టులో వచ్చిన తంటాలు ఫోనులో తీసి వచ్చే షిఫ్టుకు పంపుతారు. మంచి ఏర్పాటే. అంతకుముందు రెండు షెడ్ల వాళ్లూ ఫోన్లలో తిట్టుకునేవాళ్లు. వీడియోలు వచ్చాక మొహాలు చూసుకుని తిట్టుకోవలసి వచ్చింది. దాంతో తిట్లు సగానికి తగ్గాయి.

వచ్చిన వీడియోల్లో పనికొచ్చే ముక్కలు తీసి వరసగా అతకడం నా పని. షెడ్డులో తీసిన దాంట్లో మగ్గాల మోత తప్ప మాట వినపడదు. అందుకని మొట్టమొదట అసలు శబ్దం మొత్తం తీసేసేదాన్ని. తర్వాత ప్రొడక్షన్ వాళ్లు రాసిచ్చిన మాటలు తమిళంలో చదివి బొమ్మ మీద అతికించేదాన్ని. హిందీ వాళ్లకు కింద అక్షరాలు. చదివేది నేనే ఎందుకంటే వేరే ఎవరూ ఖాళీగా లేరు. స్టోరు గదిలో తానుల మధ్య కూర్చుని చదివేదాన్ని. అక్కడ గొంతు మారుమోగదు, పైగా ఎవరూ చూడరు.

గంజి యంత్రం గురించి తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. మగ్గం మీద పడుగు పోగులు తెగకుండా ఉండాలంటే ముందే గంజి పట్టించి ఆరబెట్టాలి. వేల పోగులు దుప్పటిలా పరుచుకుని వేడి గంజి తొట్టిలో మునిగి, ఆవిరితో కాగే డ్రమ్ముల మీదుగా పోయి, అటు చివర బీము అనే పెద్ద రోలరుకు చుట్టుకుంటాయి. యంత్రం బస్సు కంటే పొడుగ్గా ఉంటుంది. తొట్టి దగ్గర ఒకరు, బీము దగ్గర ఒకరు నిలబడాలి. పేర్లు రాయను కాబట్టి వాళ్లను తొట్టి అన్న, బీము అన్న అంటాను. ఇద్దరిదీ తిరుత్తణిలో ఒకటే వీధి. ఇద్దరివీ తెలుగు మాట్లాడే నేత ఇళ్లు. చిన్నప్పుడు బళ్లో కూర్చున్నది కూడా ఒకే బెంచీ మీద.

పాత షెడ్డుకు మొదటిసారి పోయినప్పుడు నాకు కాస్త భయం వేసింది. మోతలో ఎవరి గొంతూ లేదు, కానీ అందరూ మాట్లాడుకుంటున్నారు. ఈ మూల ఒకామె పెదాలు కదిపితే ఆ మూల ఒకామె పగలబడి నవ్వుతోంది. ఇళ్లలో మగ్గాలు ఆడుతుండగా పుట్టి పెరిగిన వాళ్లు. గొంతు వాడటం దండగని ఊహ తెలియకముందే నేర్చుకుంటారట. మాది ఆర్.కె.పేట అవతల పొలం పనుల ఇల్లు. మా వాళ్లు ఈ గట్టు మీంచి ఆ గట్టుకు అరుస్తారు. ఆ అరుపుల్లో నా మాట ఎప్పుడూ ఎవరికీ చేరలేదు. అందుకేనేమో, గొంతు లేకుండా మాట్లాడుకునే వాళ్లను చూసి అసూయ కలిగింది.

తొట్టి అన్న వీడియో ఆడి కృత్తిక వారంలో, అంటే దీపావళికి మూడు నెలల ముందు వచ్చే మురుగన్ పండగప్పుడు తీశారు. ఊరంతా కావళ్లు, షెడ్డు సగం ఖాళీ. సూపర్‌వైజరు కంపెనీ ఫోను స్టాండుకు పెట్టి తీస్తే, నేను పోయి తెచ్చుకున్నాను. వీడియో కోసమని తొట్టి అన్న కొత్త చొక్కా వేసుకొచ్చాడు, మడతల గీతలు ఇంకా పోలేదు. గంజి చిక్కదనం రెండు వేళ్ల మధ్య ఎలా చూడాలో, తడి పడుగు మీద చేతి వెనక భాగం ఎలా ఆనించాలో చూపిస్తాడు. మధ్యలో ఒకసారి బీము వైపు తల తిప్పి ఏదో అంటాడు, ఆగుతాడు, మళ్లీ అంటాడు, మళ్లీ తొట్టి వైపు తిరుగుతాడు. అవతలి మనిషికి వేగం గురించి చెబుతున్నాడనుకున్నాను. ప్రొడక్షన్ వాళ్లూ అలాగే అనుకున్నారు. ఆ చోట నా గొంతు, "ఇప్పుడు యంత్రం వేగం తగ్గించమని జతగాడికి సైగ చేయాలి" అంటుంది.

ఆ వీడియో కొత్త షెడ్డు టీవీలోనే ఆడింది. పాత షెడ్డు వాళ్లకు ఆ పాఠంతో అవసరం లేదు కనుక వాళ్లెవరూ చూడలేదు.

దీపావళి దాటాక, వానల్లో, ఒక పొద్దున తొట్టి అన్న ఇంట్లో మొహం కడుక్కుంటూ పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోగానే పోయాడు. నలభై కూడా నిండలేదు. వాళ్ల వీధి మొగలో కన్నీటి అంజలి ఫ్లెక్సీ కట్టారు. ఫొటో కోసం వెతికి వెతికి చివరకు కంపెనీని అడిగి మా వీడియోలోంచే ఒక బొమ్మ తీయించుకున్నారు. మడతల గీతల చొక్కా చూడగానే నేను గుర్తుపట్టాను. గంజి వేళ్లు కనపడకుండా కింద కత్తిరించారు.

ఆయన చోట నిలబడటానికి షెడ్డులో ఎవరూ ఒప్పుకోలేదు. కొన్ని వారాల తర్వాత ఆయన భార్య వచ్చింది, ఆమెను అక్క అంటాను. కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇస్తానంది. ఊడ్చే పనో కండెలు చుట్టే పనో చూపిస్తే, ఆమె తొట్టి దగ్గరే నిలబడతానంది. నేను వారానికొకసారి తిరుత్తణి రైల్లో పోయి వీడియోలు తెచ్చుకునేదాన్ని. ఆ వారం అన్నం తినే గదిలో కూర్చుని ఉంటే ఆమె తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"మా ఆయనకు గొంతు ఇచ్చింది నువ్వేనా?"

తలూపాను.

"ఆఫీసోళ్లు చెప్పినారు. ఆడపిల్ల గొంతంట, మెత్తగా ఉంటాదంట." ఎదురుగా కూర్చుని క్యారియర్ తెరిచింది. "ఆయనది అట్ల కాదు మ్మా. ఇంట్లో మెల్లిగా మాట్లాడినా పక్కింటోళ్లు తమనేనేమోనని ఏమి అని పలికేవాళ్లు."

నవ్వి, వెంటనే కొంగుతో మొహం తుడుచుకుంది. నేను ఎదురుగా కనపడే మేనేజరు అద్దాల గది వైపు చూశాను. సారు లోపల ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆయనది తిరునెల్వేలి వైపు, తెలుగు ఒక్క ముక్క రాదు. అక్క కూడా అటు చూసి, మామూలుగా అన్నం కలుపుతూ అంది:

"రాత్రికి చపాతీ వద్దంటా ఉండాడు. ఇడ్లీ చాలంట. కడుపు సరిలేదంట."

"మీకెలా తెలుసక్కా?"

"పెదాలు కనపడతా ఉండాయి కదా. అద్దాల గది కట్టించినందుకు మా ఆడోళ్లంతా ఆయనకు దండం పెట్టుకుంటా ఉండారు. జీతం పెంచే సంగతి ఆయన బయటికొచ్చి చెప్పకముందే మాకు తెలుస్తాది. ఈ మూడేండ్లుగా ఆ మాట ఇంకా రాలేదులే."

అలా మొదలైంది. తర్వాత ప్రతి వారం నా పక్కనే కూర్చునేది. ఆమె క్యారియర్లో ఒక మనిషి అన్నమే ఉండేది, ఇంట్లో వండేదీ తనకూ పాపకూ మాత్రమేనట. వాళ్ల అత్త తన పొయ్యి తాను వేరే పెట్టుకుంది. కారణం మూడో వారమో నాలుగో వారమో చెప్పింది.

"పోయే ముందు రోజు నేను తిట్టినాను మ్మా ఆయన్ని. పని నుంచి వస్తానే పండుకుంటాడు. నీళ్లు పట్టడు, పాపను ట్యూషన్ నుంచి తీసకరాడు. ఇంటి కోసరం ఒక్క పని చెయ్యవు, శవం మాదిరి పండుకుంటావు అన్నాను. ఆ మాటే అన్నాను. మా అత్త గోడకవతల వినింది. తెల్లారి పోయినాడు."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నా నోరే మింగినాదంట. పదో దినం నాడు వీధిలో అందరి ముందరా అన్నాది. ఇప్పటికీ నేను ఎదురైతే అదే మాట. నిజమేనేమో. నాకూ అట్లనే ఉంటాది, దిండుకు తల ఆనిస్తే చాలు, ఆ మాటే వినపడతాది."

మా వీధి చెల్లెళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి ఉద్యోగంలో మనుషులు మనకు ఏవేవో చెబుతారు. మన దగ్గర కెమెరా ఉంటుంది కాబట్టి, ఏదో ఒకటి సరిచేయగలమని వాళ్లకు అనిపిస్తుందేమో. నేను ఆ రోజు ఆమె కడిగిన క్యారియర్ గిన్నెలు తుడిచి ఇచ్చాను. అంతకంటే ఏం చేయాలో తెలియలేదు.

మార్చిలో అనుకుంటాను, గంజి ఆమెకు సరిగ్గా కుదరడం లేదు. బీము అన్న నేర్పిస్తున్నాడు గానీ, మొహం చూసి నేర్పడు. చెప్పి, అవతలికి పోతాడు. "ఆయన వీడియో ఉంది కదా, ఒకసారి చూపించు మ్మా. చేతులు చూస్తాను" అంది. అన్నం గదిలో లాప్‌టాప్ తెరిచాను. నా గొంతు నాకే ఎబ్బెట్టుగా ఉంటే శబ్దం తీసేశాను.

ఆమె మొదట చేతులే చూసింది. వేళ్లను గాల్లో అలాగే కదిపింది. ఆయన తల తిప్పిన చోటుకు వచ్చేసరికి ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"నిలుపు."

నిలిపాను.

"వెనక్కి పో. మెల్లిగా."

మళ్లీ పెట్టాను, మెల్లిగా. మూడోసారి ఆమె స్క్రీను మీది పెదాలతో పాటు తన పెదాలూ కదిపింది. తర్వాత గొంతుతో, నాకు వినపడేలా చెప్పింది.

"మళ్లీ లాగతా ఉంది రా. ఎడమ పక్క. నిన్నటి మాదిరే." ఆగింది. "ఇక్కడ అవతలోడు ఏమో అడిగినాడు. ఆస్పత్రి అని ఉంటాడు. మళ్లీ ఈయన, వద్దు వద్దు, పండగ కానీ. ఇంట్లో చెప్పొద్దు. అమ్మకీ చెప్పొద్దు, దానికీ చెప్పొద్దు. సామి మీద ఒట్టు."

గోడకవతల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆమె కాసేపు ఏడవలేదు. లెక్క చూసుకుంటున్న మనిషిలా ఉంది.

"ఆడి కృత్తిక అప్పుడు కదా ఇది?"

"అవునక్కా."

"అప్పుడే ఉండాది. నేను తిట్టింది దీపావళి దాటినాక." నా మణికట్టు పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా. "పండుకునింది అందుకా? సోమరితనం కాదా?"

అప్పుడు ఏడ్చింది. అది ఊరటో, ఇంకో కొత్త దుఃఖమో ఇప్పటికీ నాకు తెలియదు. తన మాట ఆయన్ని చంపలేదని తెలిసిన నిమిషంలోనే, జబ్బుతో ఉన్న మనిషిని శవమన్నానని కూడా తెలిసింది. స్నేహితుడికి చెప్పి తనకు దాచాడని కూడా.

కొళాయి దగ్గర బీము అన్న చేతులు కడుక్కుంటున్నాడు. ఆమె లేచి అక్కడికే పోయింది. నేను వెనకే పోయాను, ఎందుకో తెలియకుండానే.

"అన్నా, ఎడమ పక్క లాగతా ఉండాదని నీకు చెప్పినాడా?"

ఆయన కొళాయి కట్టలేదు. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి.

"ఒట్టు పెట్టించుకున్నాడు మ్మా. సామి మీద."

"ఉండేదాకా ఒట్టు. సరి. పోయినాక? మా అత్త మీ ఇంటి ముందరే నిలబడి నా నోరు మింగినాదని అరస్తా ఉంటే నువ్వు యాడ ఉండావు?"

"లోపలనే ఉండా."

"వినపడలేదా?"

"వినపడినాది." తల ఎత్తలేదు. "ఆ పొద్దే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మరుసటి రోజు చెప్పాలంటే నిన్న ఎందుకు చెప్పలేదంటారు. అట్లనే పోయినాది. ఆస్పత్రికి లాగుకొని పోవాల్సినోణ్ణి కదా నేను. అది అడుగుతారని…"

"ఇప్పుడు వచ్చి మా అత్తకు చెప్పు."

"నావల్ల కాదు మ్మా. ఆమె నాకు అన్నం పెట్టి పెంచిన మనిషి. ఆమె ముందర నిలబడలేను."

మీరే చెప్పొచ్చు కదక్కా అన్నాను తర్వాత. నా అమాయకత్వానికి నవ్వింది. "నేను చెప్తే నమ్ముతాదా? తప్పించుకునేదానికి అల్లినానంటాది. చూపించాల. మా అత్త నాకంటే బాగా చదువుతాది పెదాలు. నేను పుట్టకముందు నుంచి మగ్గం మీద ఉండే మనిషి."

ఫోనులో పంపేయొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. కంపెనీ లాప్‌టాప్‌ను ఆఫీసుకూ షెడ్డుకూ తప్ప వేరే చోటికి తీసుకుపోకూడదు, దాన్నుంచి ఏ ఫైలూ బయటికి పోదు. పోతే ఎవరు పంపారో మర్నాడే తెలిసిపోతుంది. స్క్రీనుకు ఎదురుగా ఫోను పెట్టి తీసి చూశాం. గీతలు గీతలుగా వచ్చి పెదాలు చెదిరిపోయాయి. ఇంతలో ఇంకో చిక్కు. తొట్టి అన్న చనిపోయిన సంగతి కొత్త షెడ్డులో తెలిసిపోయింది. పోయిన మనిషి మొహం చూసి షిఫ్టు మొదలుపెట్టలేమని పనివాళ్లు మొరాయించారు. ఎవరో టీవీకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. వచ్చే వారం బీము అన్నతో అదే పాఠం మళ్లీ తీసి, పాతది తుడిచేయమని నాకు ఆర్డరు వచ్చింది.

మేనేజరు దగ్గరికి పోక తప్పలేదు. అంతకుముందు ఆ అద్దాల గదిలో నేను "సరే సార్" తప్ప వేరే మాట అన్నది లేదు. అసలు సంగతి చెప్పలేను. పనిచేస్తుండగా గుండె నొప్పి వచ్చిందని వీడియోలో ఉందంటే, నష్టపరిహారం అడుగుతారని వచ్చే వారం దాకా కూడా ఆగకుండా ఆ సాయంత్రమే తుడిచేయిస్తారు. కాబట్టి నిజంలో సగం చెప్పాను.

"సార్, ఆయన తల్లి ఒకసారి కొడుకును చూడాలంటోంది. వీడియో తుడిచేసే ముందు."

ఆయన చెడ్డవాడు కాదు. మొహం మెత్తబడింది. కానీ వెంటనే, "వీడియో బయటికి పోకూడదు కదమ్మా" అన్నాడు. నేను అక్కడే నిలబడ్డాను. వెళ్లిపోవాలని కాళ్లకు ఉంది, కానీ పోలేదు. నేను అలా నిలబడటం ఆయనకే ఇబ్బందైనట్టుంది. "ఆమెనే ఇక్కడికి పిలిపించండి. నేనూ ఉంటాను" అన్నాడు.

బయటికి వచ్చేసరికి కండెలు చుట్టే ఆడవాళ్లు నా వైపు చూసి నవ్వుతున్నారు. "సరి అన్నాడు కదా! పాపం, భయపడి నీళ్లు నీళ్లు అయిపోయినావే పిల్లా" అందొకామె. నేను చెప్పక ముందే అక్కకు కబురు చేరిపోయింది.

తొట్టి అన్న తల్లి, ఆ అవ్వ, శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. ముక్కుపుడక తప్ప ఒంటి మీద ఏమీ లేదు. కోడలి వైపు చూడలేదు. కొడుకును చూపిస్తారంటే వచ్చింది, అంతే. అన్నం గది తలుపు వేసి టీవీకి లాప్‌టాప్ తగిలించాను. మేనేజరు అవ్వకు కుర్చీ వేయించి, తాను చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. అక్క బీము అన్నను చెయ్యి పట్టుకున్నంత పని చేసి తీసుకొచ్చింది. "నువ్వూ ఉండాల" అంది. ఆయన తలుపు దగ్గరే ఆగిపోయాడు.

వీడియో మొదలైంది. కొడుకు మొహం కనపడగానే అవ్వ కుర్చీలో ముందుకు వంగింది. వెంటనే నా గొంతు తమిళంలో గంజి వేడి గురించి మొదలుపెట్టింది. అవ్వ చిరాగ్గా చెయ్యి ఊపింది.

"ఎవరిదే ఆ గొంతు? ఆపండి. నా బిడ్డను చూడనియ్యండి."

సిగ్గుతో శబ్దం తీసేశాను. గదిలో మగ్గాల మోత ఒక్కటే మిగిలింది.

తొట్టి అన్న గంజిని వేళ్ల మధ్య తీశాడు. చేతి వెనక భాగం పడుగుకు ఆనించాడు. తల తిప్పాడు. అవ్వ మోకాలి మీద వేళ్లు బిగుసుకోవడం చూశాను. వీడియో అయిపోయింది. ఆమె "ఇంకొక తూరి" అంది. మళ్లీ వేశాను. మళ్లీ "ఇంకొక తూరి" అంది. మూడోసారి అయ్యాక ఆమె టీవీ వైపు కాకుండా తలుపు వైపు చూసింది. బీము అన్న గోడకు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

అవ్వ తల తిప్పి కోడలిని చూసింది. అన్ని నెలల తర్వాత తనను సూటిగా చూడటం అదే మొదటిసారని అక్క తర్వాత చెప్పింది.

"నీకు గూడా చెప్పలేదా వాడు?"

అక్క తల అడ్డంగా ఊపింది.

"ఏమంటున్నారు?" అని మేనేజరు నన్ను తమిళంలో అడిగాడు.

"ఈ పని కోడలికి కూడా నేర్పించాడా అని అడుగుతున్నారు సార్."

ఆయన సంతోషంగా తలాడించాడు. "దీనికే కదా వీడియోలు!"

అవ్వ మళ్లీ టీవీ వైపు తిరిగింది. వీడియో చివర ఆగిపోయిన బొమ్మలో తొట్టి అన్న కెమెరాలోకి చూస్తున్నాడు, నవ్వాలా వద్దా అన్నట్టు. ఆమె పెదాలు కదిలాయి. గొంతు లేదు. చాలాసేపు కదిలాయి, మధ్యలో ఆగి, జవాబు కోసం చూసినట్టు చూసి, మళ్లీ కదిలాయి. ప్రార్థన చేస్తోందనుకుని మేనేజరు చెప్పులు విడిచి చేతులు జోడించాడు. నవ్వు రావలసిన చోటే నాకు ఏడుపొచ్చింది.

తర్వాత అవ్వ లేచి కొంగు సర్దుకుంది. "పొద్దు పోతా ఉంది. నీ పని చూసుకో పో" అని కోడలితో అని, తలుపు దగ్గర బీము అన్నను తాకకుండా పక్కనుంచి బయటికి పోయింది.

ఆ మధ్యాహ్నం ఫొటో ఒకటి మేనేజరు ఆఫీసు గ్రూపులో పెట్టాడు. మన వీడియో పాఠాలు కార్మికుల కుటుంబాల దాకా చేరుతున్నాయి అని రాశాడు. చాలామంది బొటనవేలు గుర్తు పెట్టారు. నేనూ పెట్టాను. పెట్టకపోతే అడుగుతారు.

అవ్వ ఏమందని అక్కను అడిగాను, చాలా రోజులు ఆగి. "అది ఆయనతో అన్న మాట మ్మా. నీకెందుకు" అంది, కోపం లేకుండానే. ఇంట్లో ఎలా ఉందంటే, ఆ మాట మళ్లీ రాలేదంది. క్షమించమని అత్త అడగలేదు. పొయ్యి ఒకటే అయింది. ఇద్దరూ ఒక పొయ్యి దగ్గర కూర్చుని, తమకు చెప్పకుండా పోయిన మనిషి మీద అలిగి ఉంటున్నారట. "తిట్టేదానికి ఆమెకు నేను దొరకను, నాకు ఆయన దొరకడు" అంది. నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు.

ఆర్డరు ప్రకారం పాత వీడియో నా చేత్తోనే తుడిచేశాను. కొత్తది బీము అన్నతో తీశారు. చేతులు మాత్రమే తీయండి, మొహం వద్దు అని ఆయన బతిమాలాడు. మేనేజరు ఒప్పుకున్నాడు. పాఠానికి చేతులు చాలు కదా. దాని మీద కూడా గొంతు నాదే. కొన్ని నెలలకు నేను ఉద్యోగం మానేశాను. ఇంట్లో అడిగితే రైలు ప్రయాణం పడలేదని చెప్పాను.

చివరి వారం తిరుత్తణి పోయినప్పుడు షెడ్డులో కాసేపు నిలబడి చూశాను. అక్క చేతులకు గంజి కుదిరింది. తొట్టి దగ్గర ఆమె, బీము దగ్గర ఆయన, మధ్యలో కాగే డ్రమ్ములు. షెడ్డులో మిగతా అందరి పెదాలూ ఆడుతూనే ఉన్నాయి. పోగు ఒకటి తెగింది. వేగం తగ్గించమని చెప్పాలి. ఆమె ఉన్నచోటు నుంచి పెదాలు కదిపితే చాలు, ఆయన అందుకోసమే ఇటు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆమె ఆయనతో మాత్రం కదపలేదు. చేతులు తుడుచుకుని, ఆ వేడిలో యంత్రం పొడుగునా నడిచిపోయి, ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పి, మళ్లీ అంత దూరమూ నడిచి తన చోటికి వచ్చింది.